రక్షణకు తేదీ అడిగేవాళ్లకు

బ్రిటన్‌లోని తెలుగు సహవాసాల్లో కొత్తగా వచ్చినవాళ్ల చేతికి టీ కప్పు వచ్చేలోపే ఒక ప్రశ్న వస్తుంది: "బ్రదర్, మీరు ఎప్పుడు రక్షణ పొందారు?" తేదీ చెబితే విశ్వాసి, తడబడితే నామకార్థ క్రైస్తవుడు. తాతల నాటి నుంచి చర్చికి వెళ్తున్నామన్నా అది లెక్కలోకి రాదు. రక్షణ అనేది దేవుడికీ ఒక్క మనిషికీ మధ్య, ఒక్క క్షణంలో తేలిపోయే వ్యవహారమట. విశ్వాసం ఎవరి సొంత గొడవ వాళ్లదని ఇక్కడి ఆఫీసుల్లో అనుకునేదీ దాదాపు ఇదే. పాపం, దాన్నే మనవాళ్లు సువార్త అనుకుంటున్నారు.

ఈ వాదానికి సాక్షిగా ప్రతిసారీ మెథడిజానికి మూలపురుషుడైన జాన్ వెస్లీని పిలుస్తారు. 1738 మే 24 సాయంత్రం లండన్ ఆల్డర్స్‌గేట్ వీధిలో ఆయన గుండె మారింది, నిజమే. కానీ ఆ కూటానికి ఆయన వెళ్లిందే మనసొప్పక. అక్కడ ఎవరో రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట చదువుతున్నారు. అంతకు ముందు ఫిబ్రవరి నుంచి పీటర్ బోలర్ అనే మొరేవియన్ సంఘపు యువకుడు ఆయనతో విశ్వాసం గురించి వాదిస్తూనే ఉన్నాడు. నలుగురు కూడిన గది, ఇంకొకరి గొంతు, వేరొకరి పుస్తకం. ఇందులో ఒంటరిగా జరిగిందేముంది? పైగా ఏడు నెలలు దాటాక, 1739 జనవరిలో, తాను ఇంకా క్రైస్తవుణ్ణి కానని అదే వెస్లీ తన దినచర్యలో రాసుకున్నాడు. సాక్ష్యాల్లో ఈ పేజీ ఎవరూ తిప్పరు.

మెథడిజాన్ని నిలబెట్టింది ఆ సాయంత్రం కంటే బ్రిస్టల్‌లోని ఒక వసూళ్ల లెక్క అంటాను నేను. 1742లో అక్కడి ప్రార్థనా మందిరం అప్పు తీర్చడానికి సభ్యుల్ని సుమారు పన్నెండు మంది చొప్పున విడగొట్టి, ఒక్కొక్కరి దగ్గర వారానికో పెన్నీ వసూలు చేయాలనుకున్నారు. ఇవ్వలేని పేదల వాటా ఆ గుంపు నాయకుడే వేసుకోవాలి. ఇంటింటికీ తిరిగినవాళ్లకు పెన్నీలతో పాటు ఇంకేవో కనబడ్డాయి: ఒకడు భార్యతో పోట్లాడుతున్నాడు, ఇంకొకడు తాగి ఉన్నాడు. క్లాస్ మీటింగ్ పుట్టింది అక్కడే. ఆ తర్వాత వారం వారం ఒకరి బతుకు ఒకరు విచారించుకున్నారు.

"క్రియల వల్ల కాదు, కృప వల్లే" అని నాకు జవాబొస్తుంది. ఒప్పుకుంటాను. అయితే తన తేదీని చూపించి నిలబడేవాడు చూపిస్తున్నదేమిటి? తాను చేసిన ఒక పనినే. నిర్ణయం కూడా క్రియే. ఇక వాక్యం దగ్గరికే వద్దాం. అపొస్తలుల కార్యములు 16లో ప్రభువును నమ్మితే రక్షణ పొందుతావని ఫిలిప్పీ చెరసాల నాయకుడికి చెప్పిన మాట మన ఇళ్ల కేలండర్ల మీద ఉంటుంది. ఆ మాటలో అతని ఇంటివాళ్లూ ఉన్నారు. ఆ రాత్రే అతను ఆ మాట చెప్పిన ఖైదీల గాయాలు కడిగాడు, ఇంటిల్లిపాదీ బాప్తిస్మం పొందారు, ఆ ఖైదీలకు భోజనం పెట్టాడు. ఆ ఇంట్లో ఎవరెవరు ఏ నిమిషాన నమ్మారో లూకా రాయలేదు.

వెస్లీ వారసులు మన ఊళ్లకూ వచ్చారు. మెదక్‌లో చార్లెస్ పోస్నెట్ కరవు రోజుల్లో పని కల్పించి, తిండి పెట్టి కట్టించిన చర్చి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. ఆ చుట్టుపక్కల మాల, మాదిగ కుటుంబాలు గుంపులుగా క్రీస్తును నమ్ముకుంటే, గంజి కోసం మతం పుచ్చుకున్నారని ఊరు ఎగతాళి చేసింది. వాళ్లది సొంత నమ్మకం కాదన్నదే ఆ ఎగతాళి సారం. అలాంటి ఇళ్లలో పుట్టి లండన్ చేరినవాళ్లే ఇవాళ పక్కవాడి విశ్వాసానికి అదే పరీక్ష పెడుతుంటే ఏమనాలి? వాళ్ల ముత్తాతను నిలబెట్టి అడిగితే ఏ తేదీ చెబుతాడు, వాడంతా కలిసి బాప్తిస్మం తీసుకున్న రోజు తప్ప?