చిన్నవన్నీ ఒక్కటి కావు

మన పిల్లల ఇంగ్లీషు గైడు తెరిచి చూడండి. స్మాల్ అంటే చిన్న. లిటిల్ అంటే చిన్న. టైనీ అంటే చాలా చిన్న. అక్కడితో సరి! ఫోనులో వెతికినా ముందు వచ్చేది ఆ ముక్కే. పైగా "అన్నీ ఒకటేనమ్మా, ఏది రాసినా మార్కులొస్తాయి" అని నచ్చచెప్పే మాస్టార్లకూ కొదవ లేదు. నేను మాత్రం ఒప్పుకోను.

ఒకటే ఎలా అవుతాయండీ? మన వంటింట్లో ఈ మాట చెల్లుతుందా? సన్నబియ్యాన్ని చిన్నబియ్యం అంటామా? ఇంగువ చిటికెడు, బెల్లం పిసరంత, చింతపండు నిమ్మకాయంత అని దేని లెక్క దానికుంది. పాపాయిని "చిట్టితల్లీ" అని ముద్దుచేస్తాం గాని "అల్పురాలా" అనం కదా! తెలుగులో ఇంత పట్టింపు ఉన్నవాళ్లం, ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి అన్నిటినీ ఒకే గంపలో పోసేస్తామేం?

స్మాల్ కొలత చెప్పే మాట. గిన్నె చిన్నదా, ఇల్లు చిన్నదా, అంతే. లిటిల్ కొలతతో ఊరుకోదు. అందులో అనేవారి మనసు కూడా దూరుతుంది. ముద్దు కావచ్చు, జాలి కావచ్చు, చులకనా కావచ్చు. మీరు పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నారనుకోండి. "యువర్ స్మాల్ బిజినెస్" అంటే మీ వ్యాపారం పెద్దది కాదని. "యువర్ లిటిల్ బిజినెస్" అంటే చాలాసార్లు, "ఏదో నీ కాలక్షేపం" అని! తేడా తెలిసినావిడకు చురుక్కుమంటుంది. తెలియనావిడ థాంక్స్ చెప్పి వస్తుంది.

అంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. "ఎ లిటిల్ హోప్" అంటే కాస్త ఆశ ఉందని. ముందున్న ఆ "ఎ" తీసేస్తే ఆశ దాదాపు లేదని. ఆస్పత్రి వాళ్లు రాసిన కాగితంలో ఈ తేడా పోల్చుకోలేకపోతే ఆ ఇంటివాళ్ల గతేమిటి?

1973లో షూమాకర్ అనే ఆర్థికవేత్త పుస్తకం వచ్చింది, "స్మాల్ ఈజ్ బ్యూటిఫుల్" అని. చిన్నదే అందం అన్నమాట. అందులో స్మాల్ తీసి లిటిల్ పెట్టండి. "అందమైనదంటూ ఏమంత లేదు" అనే అర్థం వచ్చి కూర్చుంటుంది!

ఇక పెట్టీ, పెటీట్ అని ఇద్దరు అక్కచెల్లెళ్లున్నారు. ఇద్దరూ ఫ్రెంచి భాషలో చిన్న అనే ఒకే మాటకు పుట్టినవాళ్లే. పొట్టిగా, నాజూగ్గా ఉన్న అమ్మాయిని పెటీట్ అంటే మెచ్చుకోలు. పెట్టీ అంటే చిల్లరబుద్ధి కలదని. పెళ్లి ప్రకటనలో ఒకదాని చోట ఇంకోటి పడిందా, సంబంధం మాట దేవుడెరుగు! అదే పెట్టీ ఆఫీసుల్లో క్యాష్ పక్కన చేరితే ఏ నిందా లేదు, చిల్లర ఖర్చుల సొమ్ము అంతే. చూశారా, మాట గుణం దాని సావాసాన్ని బట్టి ఉంటుంది.

అందుకే అంటున్నాను, పర్యాయపదాల పట్టికలు బట్టీ పట్టించడం మానండి. మాటను పక్కమాటతో కలిపి, వాక్యంలో పెట్టి నేర్పండి. స్కూల్లో చెప్పకపోతే ఇంట్లో మనమే చెబుదాం.

"ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా?" అంటారేమో. చిన్న పామునైనా పెద్ద కర్రతోనే కొట్టమన్నారు మన పెద్దలు!