తాళంచెవులు, టెస్లాలు

చేవెళ్ల రోడ్డు మీద మర్రిచెట్ల కింద ఎవరైనా ఫిట్స్ వచ్చి పడిపోతే, మూగిన జనం ముందు వెతికేది తాళంచెవుల గుత్తి. గుప్పిట్లో ఇనుము పెడితే ఆగుతుందని నమ్మకం. చాలాసార్లు ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. పేరు మాత్రం ఇనుముకు దక్కుతుంది.

అసలు చిక్కు ఆ తర్వాతే. సరిగ్గా ఎంచిన రెండు మందులు సరైన మోతాదులో వాడినా తగ్గకపోతే, అది మందులకు లొంగని మూర్ఛ. రోగుల్లో దాదాపు మూడో వంతు మందిది ఇదే పరిస్థితి. వారిలో కొందరికి ఆపరేషన్ దారి ఉంది. కణత లోపల హిప్పోక్యాంపస్ కుంచించుకుపోయి గట్టిపడిన చోటు మామూలు ఎంఆర్ఐలో తప్పిపోవచ్చు. మూర్ఛ కోసమే పలుచటి పొరలుగా తీసే 3 టెస్లా ఎంఆర్ఐలో అది దొరికే అవకాశం ఎక్కువ. మచ్చ కనిపించినంత మాత్రాన మూర్ఛ అక్కడే పుడుతోందనలేం. వీడియో ఈఈజీ కూడా అదే చోటు చూపాలి. రెండూ పొసగకపోతే పెట్ స్కాన్. మాట, చేతి కదలికల తావులను ఫంక్షనల్ ఎంఆర్ఐ చూపుతుంది, కత్తి అటు పోకుండా.

తిరువనంతపురం శ్రీచిత్ర ఆస్పత్రిలో ఈ ఆపరేషన్లు 1995 నుంచీ ఉన్నాయి. మన పంజాగుట్ట నిమ్స్‌లోనూ చేస్తున్నారు. చేవెళ్ల రోడ్డు మీది మొయినాబాద్‌ నుంచి అదేమంత దూరం? రెండు మందులు పనిచేయని రోగిని అక్కడికి పంపడం స్థానిక ఆస్పత్రులకు తప్పనిసరి చేయాలి. పంపే చీటీలో ఉత్త ‘ఎంఆర్ఐ’ అని కాక ‘మూర్ఛ ప్రొటోకాల్’ అని రాయాలి. లేకుంటే డబ్బు పోయి, చేతికి ‘నార్మల్’ రిపోర్టు వస్తుంది.