పల్నాటి తల్లిదండ్రులకు విన్నపము: ప్రతి బడికొక కౌన్సెలరు కావలెను



మాఘ ఫాల్గుణములు వచ్చెననగా పల్నాటిలో రెండు గండములు ఒక్కమారుగా మీదపడును. ఒకవంక మిరప కోతలు ముమ్మరమై, కల్లములలో ఎఱ్ఱగా పరచిన కాయలో తాలు ఏరి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డునకు తోలుటకు ఇంటిల్లిపాదియు రెక్కలు ముక్కలు చేసికొనుచుండగా, వేఱొకవంక ఇంటర్మీడియెటు పరీక్షలును, వాని వెంబడినే పదవ తరగతి పరీక్షలును ముంచుకొని వచ్చును. యార్డులో ధర నిలిచెనా, కౌలు చెల్లును, బాకీ తీరును, కాలేజీ ఫీజు కట్టుదురు. ధర పడెనా, ఈ మూడును పడకేయును. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర దిగజారి, కేంద్రప్రభుత్వము క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన మార్కెటు జోక్య పథకమును ప్రకటింపవలసి వచ్చిన సంగతి మాచర్ల మొదలు నరసరావుపేట వఱకు మఱచిన రైతు లేడు. అట్టి దినములలో రాత్రిపూట వసారాలో పెద్దలు గొంతు తగ్గించి వేసికొను అప్పుల లెక్కను లోపలి గదిలో పుస్తకము ముందేసికొని కూర్చున్న పదునాఱేండ్ల పిల్లవాడు వినుచునే యుండును. ‘మన బతుకంతా నీ చదువు మీదే ఉందిరా’ అని తండ్రి ప్రేమతోనే అనును. ఆ మాట ఆ పిల్లవాని నిద్రను ఎన్ని రాత్రులు చెఱచునో ఆ తండ్రికి తెలియదు, తెలిసిన, అనడు.

ఈ కరపత్రము అట్టి పిల్లలను గూర్చినది. కౌమార ప్రాయమున కలుగు మానసిక క్రుంగుబాటు సోమరితనము కాదు, పొగరు కాదు, గాలి సోకుట అంతకన్నను కాదు. అది చికిత్సకు లొంగెడి వ్యాధి. పెద్దవారిలో అది దుఃఖముగా పైకి తేలును గాని, పిల్లలలో తఱచుగా చిఱాకుగా, కసరుగా, అకారణ కోపముగా కనబడును. అందువలననే ఇంటివారు దానిని గుర్తింపక ‘వీడికి ఒళ్లు కొవ్వెక్కింది’ అని తీర్పు చెప్పుదురు. నిన్నమొన్నటిదాక సాయంకాలమైన క్రికెట్టు బ్యాటు చేతబట్టి పరుగెత్తిన కుఱ్ఱవాడు ఆట మానుట, అన్నము సహింపకుండుట, నిద్ర పట్టకుండుటయో పట్టపగలును లేవకుండుటయో, ఏ డాక్టరుకును అంతుపట్టని తలనొప్పి కడుపునొప్పి, మార్కులు హఠాత్తుగా పడిపోవుట, ‘నేనుండి ఏం లాభం’ అను మాట: ఇట్టివి రెండు వారములు విడువక కనబడినచో అది మందలింపవలసిన సమయము కాదు, దగ్గఱ కూర్చుండబెట్టుకొని అడుగవలసిన సమయము. చనిపోవలెనని తోచుచున్నదా అని సూటిగా అడిగినచో లేని తలంపు పుట్టునని భయపడువారు పెక్కురు గలరు. ఆ భయము నిరాధారము. అడుగుట వలన బరువు దిగునే గాని పెరుగదని పరిశోధనలు తేల్చినవి.

ఇది ఎక్కడనో ఒక యింటి ముచ్చట కాదు. బెంగుళూరి నిమ్‌హాన్స్ వారు 2015-16లో నడపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, పదుమూడు మొదలు పదునేడేండ్ల వఱకు గల పిల్లలలో నూటికి ఏడుగురికి పైగా ఏదో యొక మానసిక రుగ్మతతో ఉన్నట్లు తేలినది. పెద్దలలో కనబడు మానసిక వ్యాధులలో సగము పదునాలుగేండ్లకు లోపలనే మొలకెత్తునని వైద్యులు చెప్పుదురు. అనగా ఎనిమిదవ తరగతి గదిలోనే మొదలైన దానిని మనము ముప్పదియవ యేట గుర్తించుచున్నామన్నమాట.

కారణములు వెదకబోయిన ఒక్కటి కాదు. తల్లికో తండ్రికో క్రుంగుబాటు ఉన్న యింటి పిల్లలకు అది వచ్చు అవకాశము తక్కినవారికన్న రెండు మూడు రెట్లు అధికము. రజస్వలలైన తరువాత ఆడపిల్లలలో ఇది మగపిల్లలకన్న సుమారు రెండింతలగును. వారిలో చదువు మాన్పించి పెండ్లి చేయబడిన వారి మాట వేఱే చెప్పవలెనా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశములో ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో నూటికి ఇరువదితొమ్మండ్రు పదునెనిమిది నిండకముందే పెండ్లికూతులైనవారే. త్రాగివచ్చిన తండ్రి కొట్లాట, తరగతిలో కులము పేరెత్తి చేసిన ఎగతాళి, రంగును గూర్చియు లావును గూర్చియు పెట్టిన పేర్లు, ఫోనులో తిప్పిన ఫొటో: వీనిలో ఏ యొక్కటియు తనంత తాను వ్యాధిని కలిగింపకపోవచ్చును గాని, మూడు నాలుగు కలిసి ఒక్క పిల్లవాని మీద పడినప్పుడు ఓర్చుకొనువారు అరుదు.

మన సీమకు ప్రత్యేకమైన దొకటి చెప్పక తప్పదు. కక్షలు మనకు కొత్త కాదు. 2024 మే నెలలో పోలింగు నాడును తరువాతను మాచర్ల, నరసరావుపేట ప్రాంతములలో చెలరేగిన అల్లర్లును, విధింపబడిన 144వ సెక్షనును అందఱెఱిగినవే. ఆ రాత్రులలో తలుపులు బిగించుకొని కూర్చున్న యిండ్లలో పిల్లలు గూడ నుండిరి. తండ్రి ఊరు విడిచి పోయిన యింటి పిల్లవానిని ‘నువ్వేమీ భయపడలేదు కదా’ అని అడిగి, వాడు తల యూపగానే మనము తృప్తిపడితిమి. కారెంపూడి వీరులగుడి కడ ఏటేట కార్తికమున ఉత్సవము జరుపుకొను జాతి మనది. పెండ్లి పారాణి ఆఱకముందే కదనమునకు కదలిన బాలచంద్రుని కథ వినుచు పెరిగినవారము. ఆ కథ యందలి తేజస్సును నేను తక్కువ చేయను. కాని పల్నాటి మగపిల్లవాడు కంట తడి పెట్టరాదను నియమమును ఆ కథ నుండి మనమే కల్పించుకొని, ఎనిమిది వందల యేండ్ల నాటి పౌరుషమును ఈఏపీసెట్టు కోచింగునకు పోవు కుఱ్ఱవాని నెత్తిన పెట్టుట మాత్రము అన్యాయము.

ఇక హాస్టళ్ల సంగతి. పది పాసైన పిల్లవానిని గుంటూరునకో విజయవాడకో పంపి, తెల్లవారుజామున అయిదింటికి లేపి రాత్రి పదింటిదాక స్టడీ అవర్లలో కూర్చుండబెట్టు చోట చేర్చి, నెలకొక్క ఔటింగు దొరకిన అదృష్టమనుకొనుచున్నాము. ఆ వయస్సు వారికి ఎనిమిది మొదలు పది గంటల నిద్ర కావలెనని వైద్యశాస్త్రము చెప్పుచుండగా, ఆరు గంటలు నిద్రించిన పిల్లవానిని బద్ధకస్తుడని ఇంటికి ఫోను చేయు వార్డెన్లు గలరు. వారాంతపు పరీక్షలో నాలుగు మార్కులు తగ్గినంతనే పై సెక్షను నుండి క్రింది సెక్షనునకు దింపి, ఆ జాబితాను గోడకంటించుట చదువు చెప్పుట యెట్లగునో నాకు నేటికిని బోధపడలేదు. ఈ కాలేజీలలోని విద్యార్థుల ఆత్మహత్యలను విచారించుటకు 2001లో నీరదారెడ్డి సంఘమును, 2017లో చక్రపాణి సంఘమును వేసిరి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితములు తప్పులతడకలై వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా పిల్లలు మనకు దక్కలేదు. సంఘములు నివేదికలు సమర్పించినవి. స్టడీ అవర్లు మాత్రము అట్లే సాగుచున్నవి.

అయినను ఇన్ని కష్టముల నడుమ పెక్కుమంది పిల్లలు నిలదొక్కుకొనుచున్నారు. ఎట్లు నిలదొక్కుకొనుచున్నారని అడిగిన వారికి దొరకిన సమాధానములు పెద్ద ఖర్చుతో గూడినవి కావు. చాలినంత నిద్ర, సాయంకాలమున ఒక గంట ఆట, బడి నాదియను భావము, తప్పినను ఇంటిలో చోటు ఉండునను నమ్మకము. అన్నిటికన్న మిన్నయైనది, వినునట్టి పెద్దమనిషి ఒక్కడుండుట: అమ్మమ్మ కావచ్చును, మేనమామ కావచ్చును, డ్రిల్లు మాస్టరు కావచ్చును. ప్రత్తి మిరప పండించు మన యిండ్లకు మఱియొక రక్షణ గలదు. పురుగుమందును ఇంటిలో నుంచక, విధిలేక ఉంచినచో తాళము వేసి ఆ తాళపుచెవిని పెద్దవారు దగ్గఱ నుంచుకొనుట వలన ఎన్నో ప్రాణములు నిలుచును. క్షణికమైన ఆవేశమునకు అడ్డు తగిలిన చాలు, ఆ క్షణము గడచిపోవును.

అమ్మమ్మలు అందఱికిని లేరు. ఆ లోటు తీర్చుటకే మేము కోరునది ఒక్కటి: పల్నాడు జిల్లాలోని ప్రతి ఉన్నత పాఠశాలయందును ప్రతి జూనియర్ కళాశాలయందును, పాఠము చెప్పని, మార్కులు వేయని, పిల్లల మాట వినుటయే పనిగా గల కౌన్సెలరు నొకరిని నియమింపవలెను.

‘మాస్టర్లున్నారు గదా, వారికే నాలుగు దినములు శిక్షణ యిచ్చిన చాలదా’ అని ఒక ఆక్షేపణ వచ్చును. దీనికి బీహారు జవాబు చెప్పినది. నలందా జిల్లాలో సెహర్ అను పేర ఒక ప్రయోగము జరిగినది. కొన్ని బడులలో స్థానికముగా ఎంచి శిక్షణ యిచ్చిన సామాన్యులను కౌన్సెలర్లుగా పెట్టిరి; కొన్నిట అదే పనిని ఉపాధ్యాయులకప్పగించిరి; కొన్నిటిని యథాతథముగ విడిచిరి. కౌన్సెలరు చేసినది బ్రహ్మవిద్య కాదు. పిల్లలు చీటీలు వ్రాసి వేయుటకు ఒక పెట్టె, గోడపత్రిక, తరగతిలో చర్చలు, కావలసిన వారితో ఒంటరిగా మాట. తొమ్మిదవ తరగతి పిల్లలు 13 వేలమందికి పైగా పాల్గొన్న ఆ ప్రయోగ ఫలితములు 2018లో లాన్సెట్ పత్రికలో వెలువడినవి. సామాన్య కౌన్సెలరున్న బడులలో క్రుంగుబాటును, ఏడిపింపును, కొట్లాటలును తగ్గి, పిల్లలకు బడిపై మమకారము పెరిగినది. ఉపాధ్యాయులకప్పగించిన చోట చెప్పుకోదగిన మార్పే లేదు. గురువుల మీద నాకు గౌరవము లేక కాదు ఈ మాట. లెక్కల మాస్టరు తన చేతిలో తప్పిన పిల్లవాని గోడును ఆ సాయంత్రమే వినవలెననుట ఇరువురికిని ఇబ్బందియే.

‘డబ్బెక్కడిది’ అనువారికి, నలందా నమూనాలో మనోవైద్యుడు అక్కఱ లేదనియు, డిగ్రీ చదివి పని లేక యున్న మన యూరి యువతీయువకులే చాలుదురనియు మనవి. తీవ్రమైన వారిని గుర్తించి ఆసుపత్రికి చేర్చుట వారి బాధ్యత. చికిత్స డాక్టరు పని.

పైగా ఇది దయాభిక్ష కాదు. విశాఖపట్నములో నీట్ శిక్షణ పొందుచు 2023లో మరణించిన ఒక విద్యార్థిని వ్యవహారమున సుప్రీంకోర్టు 2025 జూలై 25న పదునైదు మార్గదర్శకములు వెలువరించినది. నూఱుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థలోను అర్హతగల కౌన్సెలరో మనస్తత్వవేత్తయో సామాజిక కార్యకర్తయో ఉండవలెను; మార్కులను బట్టి బ్యాచీలుగా విడదీయుట, నలుగురిలో అవమానించుట కూడదు; సిబ్బంది కెల్ల ఏటికి రెండుసార్లయినను శిక్షణ యుండవలెను; సహాయ ఫోను నంబర్లు తరగతులలోను హాస్టళ్లలోను కనబడునట్లు వ్రాయవలెను. జిల్లా కలెక్టరు అధ్యక్షతన పర్యవేక్షణ సంఘము గూడ ఉండవలెనని అందున్నది. నూఱుగురికి తక్కువ యున్న బడులు బయటి నిపుణులతో ఏర్పాటు చేసికొన్న చాలునని కోర్టు విడిచినది. ఇచటనే మా భేదాభిప్రాయము. బొల్లాపల్లి, వెల్దుర్తి వంటి మండలములలో బయటి నిపుణుడనగా బస్సెక్కి పోవలసినవాడే. కావున అట్టి చిన్న బడులు మూడు నాలుగింటికి కలిపి ఒక కౌన్సెలరును తిప్పవలెను.

కలెక్టరు కార్యాలయము 2022 ఏప్రిల్ 4 నుండి నరసరావుపేటలోనే యున్నది. గుంటూరు దాక పోవలసిన పని లేదు. మీ బడి యాజమాన్య కమిటీ సమావేశములో ఈ విషయమై ఒక తీర్మానము చేయించుడు. ప్రధానోపాధ్యాయుని సంతకముతో ఒక ప్రతిని సోమవారము నాటి ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీగా దాఖలు చేసి రశీదు తీసికొనుడు. వేఱొక ప్రతిని మీ శాసనసభ్యునికి అందజేయుడు. పిల్లలను పట్నపు హాస్టళ్లలో చేర్చినవారు ఫీజు కట్టునప్పుడే ‘మీ కౌన్సెలరెవరు, ఏ గదిలో కూర్చుందురు’ అని అడుగుడు. జవాబు లేని కాలేజీలో రెండవ వాయిదా కట్టుటకు ముందు ఒక్కసారి ఆలోచింపుడు.

కౌన్సెలరు వచ్చులోపల ఆపద వచ్చిన, 14416. ఇది 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలీ మానస్ ఉచిత సేవ; రాత్రింబవళ్లు పలుకును, తెలుగులోనే మాటాడవచ్చును. పిల్లలకు 1098 గూడ గలదు. ఈ కాగితమును చింపి పాఱవేయవలసి వచ్చినను, ఆ రెండు నంబర్లను ఇంటి క్యాలెండరు మీద వ్రాసి ఉంచుడని ప్రార్థన.