చదువులో ఎంపిక ఎవరి సొత్తు?

ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడగానే మన వాడల్లో వినిపించే ప్రశ్న ఒక్కటే: ఇంజనీరింగా, డిగ్రీయా? చరిత్ర, తత్త్వశాస్త్రం, సాహిత్యం కలిపి బోధించే చిన్న విశ్వవిద్యాలయాల ఊసెత్తితే, "అది ధనికుల చదువు, మనకెందుకు?" అంటారు పెద్దలు. ఈ మాటను మేము అంగీకరించము.

ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2018లో ఏర్పడిన క్రియా విశ్వవిద్యాలయం, బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం వంటివి ఏమిస్తున్నాయి? గణితం చదివే విద్యార్థి చరిత్రనూ చదవవచ్చు. తరగతిలో విద్యార్థులు కొద్దిమందే గనుక అధ్యాపకుణ్ణి ప్రశ్నించవచ్చు, వాదించవచ్చు, రాసి దిద్దించుకోవచ్చు. పత్రికలు నడిపేవారికీ, తీర్పులు రాసేవారికీ, బడ్జెట్లు తయారుచేసేవారికీ కావలసిన శిక్షణ ఇదే. ఆ శిక్షణ మన పిల్లలకు అందకపోతే మన కథను ఎప్పటికీ ఇతరులే రాస్తారు.

ఈ చదువు మనకు పరాయిదా? హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుస్సేన్ 1926లో జామియా మిల్లియా ఇస్లామియా బాధ్యతలు చేపట్టే నాటికి అదొక చిన్న సంస్థ, డబ్బుకు కటకటలాడేది. అయినా మనిషిని తీర్చిదిద్దే చదువును అది వదులుకోలేదు.

అడ్డంకి అభిరుచి కాదు, ఆర్థికం. ఏడాదికి లక్షల రూపాయల రుసుము, ఆంగ్ల మాధ్యమం అనే రెండు గోడలు మన పిల్లల ముందున్నాయి. ఇరవై ఏళ్లు దాటిన ముస్లింలలో పట్టభద్రులు, డిప్లొమాదారులు నూటికి నలుగురైనా లేరని సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. ప్రైవేటు విద్యాసంస్థల్లోనూ వెనుకబడిన వర్గాలకు సీట్లు కేటాయించేందుకు 2005లో రాజ్యాంగాన్ని సవరించారు. పార్లమెంటు మాత్రం అందుకు తగిన చట్టం నేటికీ చేయలేదు. పైగా 2022లో కేంద్రం పరిశోధక విద్యార్థులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేసింది. ఇచ్చినదాన్ని లాక్కొని, "మీరు చదవరు" అని నిందించడం ఏ న్యాయం?

మా డిమాండ్లు మూడు. ఆదాయాన్నిబట్టి రుసుము తగ్గిస్తున్న విశ్వవిద్యాలయాలు ఆ సంగతిని తెలుగులో, ఉర్దూలో ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాలకూ చేరవేయాలి. తమ వద్ద ఎందరు మైనారిటీ పిల్లలు చదువుతున్నారో ఏటా ప్రకటించాలి. ఈ కోర్సుల్లో చేరే మన పేద విద్యార్థుల పూర్తి రుసుమును రాష్ట్ర ప్రభుత్వాలు భరించాలి.

మన పెద్దలకూ ఒక మాట. షాదీఖానాల కోసం పడే తపనలో సగం ఈ దరఖాస్తులు నింపించడంలో చూపండి. తలుపు తెరవమని అడగడం హక్కు. మన పిల్లలను ఆ తలుపు దాకా నడిపించడం మన బాధ్యత.