బ్యాంకాక్‌లో భిక్షాపాత్ర... చైతన్యపురిలో రాతి రాత

పిల్లల పరీక్షలు అయిపోతే చాలు, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కాలనీల్లో ప్రయాణాల ముచ్చట్లు మొదలవుతాయి. ఒకప్పుడు తిరుపతి, షిర్డీ, మహా అయితే ఊటీ. ఇప్పుడు ఆ వరసలో బ్యాంకాక్, బాలి, సింగపూర్ కూడా చేరాయి. నాలుగైదు రోజుల ప్యాకేజీ. పెట్టెలో కారప్పొడి, ఆవకాయ, దారిలోకి పులిహోర. బీచ్‌లు, షాపింగ్, ఏనుగుల సఫారీ చూసి వద్దామనే వెళ్తారు. తిరిగొచ్చాక ఇరుగుపొరుగుతో ముందుగా చెప్పే మాట మాత్రం వేరేగా ఉంటుంది. ‘అక్కడా మన దేవుళ్లేనండీ!’ అని.

ఆ ఆశ్చర్యం విమానం దిగగానే మొదలవుతుంది. బ్యాంకాక్ విమానాశ్రయం పేరే సువర్ణభూమి. 2006లో ప్రారంభమైన ఆ భవనంలో క్షీరసాగర మథనం నిలువెత్తు బొమ్మలతో కనిపిస్తుంది. ఒకవైపు దేవతలు, మరోవైపు రాక్షసులు, మధ్యలో వాసుకి. ఇండోనేసియా వెళ్తే ఆ దేశపు అధికార చిహ్నమే గరుడుడు. ముస్లింలు అత్యధికంగా ఉన్న ఆ దేశంలో 1998లో విడుదలైన 20 వేల రుపియాల నోటు మీద వినాయకుడి బొమ్మ ముద్రించారు. థాయిలాండ్‌లో ఏప్రిల్ 13న మొదలయ్యే నీళ్ల పండగ పేరు సొంగ్‌క్రాన్. ఆ మాట మన సంక్రాంతే. సూర్యుడు మేషరాశిలోకి అడుగుపెట్టే సంక్రాంతి వాళ్లకు కొత్త సంవత్సరం.

చప్పుడు లేని ఉగాది

బాలి వెళ్లేవాళ్లకు ఎదురయ్యే వింత ఇంకొకటి. అక్కడి హిందువుల సంవత్సరాది పేరు న్యేపి. లెక్క మనలాగే శాలివాహన శకం. 2023లో అయితే మన ఉగాది, వాళ్ల న్యేపి ఒకే రోజు, మార్చి 22న వచ్చాయి. ఇద్దరికీ అది 1945వ శక సంవత్సరమే.

కానీ పండగ తీరులో ఎంత తేడా! మనకు మామిడాకుల తోరణం, పచ్చడి, పంచాంగ శ్రవణం, బంధువుల సందడి. వాళ్లకు పూర్తి నిశ్శబ్దం. ఆ రోజు నిప్పు రాజేయరు, దీపం పెట్టరు. పని చేయరు. వినోదాలు ఉండవు. గడప దాటరు. దీవిలోని విమానాశ్రయాన్ని కూడా 24 గంటలు మూసేస్తారు. పర్యాటకులు హోటల్ వదిలి బయటికి రాకూడదు. ముందురోజు రాత్రి మాత్రం భయంకరమైన రాక్షసుల బొమ్మలతో, డప్పులతో ఊరంతా హోరెత్తిపోతుంది. తెల్లారేసరికి అంతా గప్‌చుప్. దుష్టశక్తులు వచ్చి చూసి, ఇక్కడ ఎవరూ లేరనుకుని వెళ్లిపోతాయని వాళ్ల నమ్మకం. తెలియక ఆ తేదీకి టికెట్లు తీసుకున్నవాళ్లకు అదో అనుభవం.

తెల్లవారుజామున పాత్రతో...

ఇవన్నీ సరదాగా చెప్పుకునే సంగతులు. మనసులో నిలిచిపోయే దృశ్యం ఇంకొకటి ఉంది. దాన్ని చూడాలంటే బ్యాంకాక్‌లో సూర్యోదయానికి ముందే లేచి వీధిలోకి రావాలి.

కాషాయ వస్త్రాలు కట్టుకున్న భిక్షువులు చెప్పులు లేకుండా వరసగా నడిచి వస్తుంటారు. చేతుల్లో గుండ్రటి పాత్రలు. ఎవరి గుమ్మం ముందూ అడగరు, పిలవరు. ఇంటివాళ్లే ముందుగా వచ్చి, చెప్పులు విడిచి, వేడి అన్నం, కూర పొట్లాలు, పండ్లు పాత్రలో వేసి, మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడిస్తారు. భిక్షువు కృతజ్ఞతలు చెప్పడు. దీవెన మాత్రం చదివి వెళ్లిపోతాడు. ఎందుకంటే పుణ్యం దక్కింది ఇచ్చినవాడికని, కృతజ్ఞత చెప్పాల్సిందీ ఇచ్చినవాడేనని వాళ్ల భావన. అలా వచ్చిన ఆహారాన్ని మధ్యాహ్నం లోపలే తినాలి. ఆ తర్వాత మర్నాడు ఉదయం దాకా ఘనాహారం ముట్టకూడదు. స్త్రీలు భిక్షువును తాకకూడదన్న నియమం కూడా ఉంది. అందుకే ఆడవాళ్లు ఏదైనా చేతికి ఇవ్వబోతే, భిక్షువు ఒక గుడ్డ పరిచి దాని మీద పెట్టించుకుంటాడు.

ఇది చూసిన మనవాళ్లకు సంక్రాంతి నెలలో తలమీద అక్షయపాత్రతో వచ్చే హరిదాసు గుర్తొస్తాడు. పెద్దవాళ్లయితే మధుకరాన్ని, వారాలు చేసుకుని చదువుకున్న తరాన్ని తలుచుకుంటారు. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ కోచింగులకు తిరిగే పిల్లలతో నిండిన దిల్‌సుఖ్‌నగర్‌లో, నాలుగిళ్ల అన్నంతో చదువు సాగిన ఆ రోజులు ఇప్పుడు కథలాగే వినిపిస్తాయి.

భిక్షకు వెళ్లడాన్ని థాయ్ భాషలో ‘బిన్తబాత్’ అంటారు. పాళీలో పిండపాతం. అంటే పాత్రలో పడిన అన్నపు ముద్ద. ఆ మాటను మన చెవి వెంటనే పోల్చుకోలేకపోవచ్చు. కానీ మన దిల్‌సుఖ్‌నగర్ పక్కనే ఉన్న ఒక బండరాయికి అది బాగా తెలుసు.

మెట్రో స్టేషన్‌కు కూతవేటులో

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో రైలు మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్ తర్వాత వచ్చే స్టేషన్ చైతన్యపురి. అక్కడి నుంచి మూసీ వైపు వెళ్తే ఇళ్ల మధ్యలో ఫణిగిరి గుట్ట. లక్ష్మీనరసింహస్వామి గుడి ఉన్న గుట్ట అది. ఆ గుట్ట బండ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కిన ఒక శాసనం ఉంది. 1980ల్లో చరిత్రకారుల దృష్టికి వచ్చింది. విష్ణుకుండి రాజుల కాలానిది. అంటే 4-5 శతాబ్దాల నాటిది. హైదరాబాద్ నగరంలో ఇంతవరకు దొరికిన శాసనాల్లో ఇదే పాతదని చెబుతారు. గోల్కొండ కోట, చార్మినార్‌ల కంటే దాదాపు వెయ్యేళ్లు ముందుది.

ఆ శాసనంలో ఉన్నది గోవిందరాజ విహారం పేరు. అంటే ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచిన ఈ మూసీ ఒడ్డున ఒకనాడు బౌద్ధ విహారం ఉండేదన్నమాట. అక్కడి భిక్షువులను చెప్పడానికి శాసనం వాడిన మాట ‘పిండపాతిక’. భిక్షాన్నంతో బతికేవారని అర్థం. బ్యాంకాక్ వీధిలో తెల్లవారుజామున చూసి ఫొటో తీసుకున్న దృశ్యమే, పదిహేను వందల ఏళ్ల కిందట చైతన్యపురి పరిసరాల్లో రోజూ నడిచి ఉంటుంది. ఆ భిక్షువుల పాత్రల్లో అన్నం పెట్టింది ఈ మూసీ ఒడ్డు ఇల్లాళ్లే అయి ఉండాలి.

ఇది ఒంటరి ఆనవాలు కాదు. ఎల్బీనగర్ నుంచి విజయవాడ హైవే మీద చిట్యాల దాకా వెళ్లి రామన్నపేట వైపు తిరిగితే తుమ్మలగూడెం వస్తుంది. అక్కడ దొరికిన రాగి రేకులు విష్ణుకుండి గోవిందవర్మ రాణి కట్టించిన బౌద్ధ విహారం సంగతి చెబుతాయి.

సాగర్ రోడ్డు పేరు వెనక

ఎల్బీనగర్ దగ్గర చీలే సాగర్ రోడ్డు ఇంకో కథ చెబుతుంది. ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా సుమారు 150 కిలోమీటర్లు వెళ్తే నాగార్జునసాగర్. ఆ పేరులోని ఆచార్య నాగార్జునుడు మనకు ఆనకట్ట పేరుగానే ఎక్కువ పరిచయం. జపాన్‌లో ఆయన ర్యూజు. అక్కడి ఎనిమిది బౌద్ధ శాఖలకూ మూలగురువుగా కొలుస్తారు. చైనాలో లుంగ్‌షు. టిబెటన్లకు లుద్రుప్. నాగార్జునకొండలో 3వ శతాబ్దంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం, సింహళ భిక్షువులు ధర్మాన్ని చాటిన దేశాల వరసలో కాశ్మీరం, గాంధారంతో పాటు చైనాను కూడా పేర్కొంది. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర నిర్వహించినప్పుడు వేలాది మంది టిబెటన్లు తరలి వచ్చింది కూడా ఆ పాత బంధం వల్లే. బుద్ధుడు కాలచక్రాన్ని బోధించింది ధాన్యకటకంలోనే అని వాళ్ల విశ్వాసం.

విదేశాల్లో గైడు ‘మీ ఊళ్లోనూ బుద్ధుడు ఉన్నాడా?’ అని అడిగితే మనవాళ్లు ఠక్కున చెప్పేది హుస్సేన్‌సాగర్ విగ్రహం గురించే. అది 1992లో నిలబెట్టింది. దానికంటే దాదాపు పదిహేను శతాబ్దాలు పాతది దిల్‌సుఖ్‌నగర్ పక్కనే ఉందని చెప్పగలిగితే, ఈసారి ఆశ్చర్యపోవడం గైడు వంతు అవుతుంది.

అలా చెప్పాలంటే ముందు ఆ రాయి మిగలాలి. బండ మీది అక్షరాలు ఎండకూ వానకూ అరుగుతాయి. విలువ తెలియని చేతుల వల్ల అంతకంటే త్వరగా అరుగుతాయి. థాయిలాండ్ గుళ్ల ముందు వందల బాత్‌లు పెట్టి టికెట్ కొనేవాళ్లకు చైతన్యపురి వెళ్లడానికి అయ్యే ఖర్చు ఎంత? పాస్‌పోర్టు అక్కర్లేదు. ఆదివారం పొద్దున పిల్లలను తీసుకుని గుట్ట ఎక్కితే చాలు. ఆ గీతల్లో ‘పిండపాతిక’ అనే మాట దాగి ఉందని చెబితే, ఏదో ఒకరోజు బ్యాంకాక్ వీధిలో ఆ పిల్లలే అమ్మానాన్నలకు దాన్ని గుర్తు చేస్తారు.