చేయి చాపే కారుకు చోటెక్కడ?

పాత మోటారు వాహనాలను వారసత్వ సంపదగా గుర్తించామని ఒకవైపు చెప్పుకుంటూనే, మరొకవైపు వాటిలోని అత్యంత విశిష్టమైన ఒక భాగాన్ని పుట్టీ పూసి, రంగు వేసి, మన చేతులతోనే మూసివేస్తున్నాం. ఈ వైరుధ్యాన్ని సాంస్కృతిక వ్యవహారాలతో సంబంధమున్న అధికారుల దృష్టికి, సాహిత్యాభిమానుల దృష్టికి తీసుకురావడమే ఈ వ్యాస లక్ష్యం. ముందు తలుపుకు, వెనుక తలుపుకు నడుమనున్న స్తంభంలో సన్నని గాడి ఉంటుంది. మలుపు రాగానే అందులోనుంచి జానెడు పొడవున్న ఒక చేయి బయటకు చాచుకుని, నారింజ రంగు వెలుగుతో దిశను తెలుపుతుంది. ఆంగ్లేయులు దానిని ట్రాఫికేటర్ అన్నారు, జర్మనులు వింకర్ అన్నారు. రైలుమార్గపు సెమాఫోర్ స్తంభానికి అది తోబుట్టువు.

దాని పుట్టుకకు కారణం సులభంగానే బోధపడుతుంది. తొలినాటి చోదకుడు తన చేతినే బయటకు చాపి మలుపును సూచించేవాడు. కార్లకు పైకప్పులు, గాజు కిటికీలు వచ్చాక అది ఇబ్బంది అయింది. మనిషి చేసే పనిని యంత్రం అనుకరించింది. 1928లో బాష్ సంస్థ ఈ సాధనాన్ని విపణిలోకి తెచ్చింది. బ్రిటనులో లూకస్ సంస్థ తయారుచేసిన చేతులు 1930లలో విరివిగా వాడుకలోకి వచ్చాయి. 1948లో వెలువడిన మోరిస్ మైనరుకు 1961 వరకు స్వదేశంలో ఈ చేయే దిక్కు. మన దేశానికి ఈ చరిత్రతో సంబంధం లేదనుకోరాదు. 1942లో ఓఖా రేవులో ప్రారంభమై, 1948లో ఉత్తరపాడాకు తరలిన హిందుస్థాన్ మోటార్స్ వారి బేబీ హిందుస్థాన్‌కు మోరిస్ మైనరూ, హిందుస్థాన్ 14కు మోరిస్ ఆక్స్‌ఫర్డూ మూలరూపాలు. ఆ రెండు మూలరూపాలూ చేయి చాపినవే. సచివాలయాల ముంగిళ్ళలో దశాబ్దాలపాటు నిలిచిన అంబాసిడరుకు ఇవి ముందుతరం.

ఇక శాసనం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 121వ సెక్షన్ ప్రకారం కుడివైపు స్టీరింగు గల వాహనం మలుపును యాంత్రిక లేదా విద్యుత్ సాధనంతో సూచించవచ్చు. ఈ మాటలు 1939 నాటి చట్టం నుంచి వారసత్వంగా వచ్చినవి. ‘యాంత్రిక’ అన్న పదాన్ని చదివినప్పుడల్లా నాకు ఆ చిన్న చేయే కనిపిస్తుంది. అయితే 1989 కేంద్ర మోటారు వాహన నియమావళిలోని 102వ నియమం నిమిషానికి 60కి తగ్గకుండా, 120కి మించకుండా మిణుకుమనే పసుపు దీపాన్ని కోరుతుంది. సాధనం ఎలాంటిదో నిర్ణయించే అధికారాన్ని చట్టమే నియమానికి ఇచ్చింది కనుక ఇందులో చట్టవిరుద్ధత లేదు. ఉన్నదల్లా అనాలోచితం. చేయి మిణుకుమనదు; నిలిచి వెలుగుతుంది.

2021 జూలైలో వింటేజ్ వాహనాల నమోదుకు ప్రత్యేక నియమాలు వచ్చాయి. తొలి నమోదు జరిగి 50 సంవత్సరాలు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలు అర్హమైనవి. అవి మూలరూపంలో ఉండాలి. చాసిస్, బాడీ షెల్, ఇంజనులలో గణనీయమైన మార్పు ఉండరాదు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. స్వాగతించదగిన నియమాలే. కానీ మూలరూపమంటే ఏమిటో ఈ మూడు మాటలకు మించి చెప్పలేదు. ఆ గాడి బాడీ షెల్‌లో కోసినదే కదా! దానిని రేకుతో అతికి మూసినవాడు బాడీ షెల్‌ను మార్చినట్లా, కాదా? ఈ ప్రశ్న వేసిన తనిఖీ అధికారి ఇంతవరకు నాకు తటస్థపడలేదు. పైగా ఆర్.కె. పురంలో నేనెరిగిన ఒక విశ్రాంత అధికారికి, తండ్రిగారి నుంచి సంక్రమించిన బేబీ హిందుస్థాన్ విషయంలో, ‘ఆ కన్నాలు పూడ్చి, బ్లింకర్లు పెట్టించి తీసుకురండి’ అన్న సలహా లభించింది. ఆయన పూడ్పించలేదు. కారు నేటికీ ఇంటిముందు గుడ్డ కప్పుకొని ఉంది.

సాంస్కృతిక శాఖ ఇది రవాణా శాఖ వ్యవహారమని తప్పించుకోజాలదు. 1972 పురావస్తువుల చట్టం సాధారణంగా నూరేళ్ళు నిండిన వస్తువునే పురావస్తువుగా పరిగణిస్తుంది. 1935లో తయారైన కారు ఆ గడపకు ఇంకా చేరలేదు. చేరేనాటికి దాని చేతులు మిగలవు. శాసనంలోని అరిగిన అక్షరాలను కొత్త ఉలితో తిరిగి చెక్కేవానిని చరిత్ర విద్యార్థి క్షమించడు. గాడిని పుట్టీతో నింపేవాడు చేసేదీ అదే పని. మా కాలనీకి సమీపంలోనే, చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో, 1977 నుంచి పాత రైలు సామగ్రిని భద్రపరుస్తున్నారు. నేటి పట్టాలపై పనికిరావు కనుక వాటి రూపం మార్చమని ఎవరూ అడగలేదు.

భద్రత మాటేమిటని ప్రశ్నించేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. స్తంభం నుంచి లేచిన చిన్న చేయిని నేటి రింగు రోడ్డు మీద వెనుకనున్న బస్సు చోదకుడు గమనిస్తాడని నేను వాదించను. కానీ ఈ వాహనాలను నిత్య ప్రయాణానికి వాడరాదని 2021 నియమాలే చెబుతున్నాయి. ప్రదర్శనకు, ర్యాలీకి, ఇంధనానికి, మరమ్మతుకు మాత్రమే అవి రోడ్డెక్కుతాయి. ఆ కొద్దిపాటి ప్రయాణానికి బంపరుకు బిగించి విప్పుకోగల పసుపు దీపాలు చాలు. వాటికోసం రేకుకు కన్నం వేయనక్కరలేదు, ఉన్న గాడిని మూయనక్కరలేదు.

అతి ఉత్సాహవంతులతోనూ నాకు పేచీ ఉంది. అందంగా ఉంటుందని 1920ల కార్లకు కూడా ట్రాఫికేటర్లు తగిలించేవారున్నారు. హైదరాబాదు చౌమహల్లాలోని నిజాం ప్రభువుల రోల్స్ రాయిస్ వంటి 1910ల వాహనం ఈ సాధనం వ్యాప్తిలోకి రాకముందుది. చేయి లేకపోవడమే దాని సత్యం. 1964 నుంచి ఢిల్లీలో స్టేట్స్‌మన్ ర్యాలీ సంప్రదాయమున్నది. అటువంటి వేదికల న్యాయనిర్ణేతలు చేయి ఉన్నదా అని మాత్రమే కాక, ఉండవలసినదేనా అని కూడా పరీక్షించాలి.

పరీక్ష కష్టమేమీ కాదు. లూకస్ చేతి లోహపు చట్రంపై సంస్థ పేరు, నమూనా సంఖ్య, వోల్టేజి ముద్రించి ఉంటాయి. 6 వోల్టుల చేతిని 12 వోల్టుల కారుకు బిగిస్తే కొద్దిసేపటికే తీగచుట్ట మాడిపోతుంది. కాశ్మీరీ గేటులోనో, మాయాపురి పాత సామానులోనో దొరికిన చేతిని కొనేముందు చూడవలసినది ఇదే. లోపల విద్యుత్తు ప్రవహించగానే ఇనుప కడ్డీ తీగచుట్టలోకి లాగబడి, ముందు గొళ్ళెం విడిపించి, తరువాత చేతిని లేపుతుంది. గాలికి తనంతట తాను లేవకుండా ఆ గొళ్ళెమే కాపాడుతుంది. చేయి లేచినా దీపం వెలగకపోతే, తరచుగా కీలు వద్ద మడతపడి మడతపడి తెగిన సన్నని తీగే కారణం. చేయి దిగకపోతే పూర్వం చోదకులు స్తంభాన్ని పిడికిలితో గుద్దేవారు. ఆ వైద్యం మనకు వద్దు. కీలుకు ఒక్క చుక్క పలుచని నూనె చాలు. కడ్డీకి మాత్రం నూనె పూయరాదు. ధూళి అంటుకుని జిగురవుతుంది. దానిని పొడిగుడ్డతో తుడవాలి. పెళుసుబారిన పాత సెల్యులాయిడ్ తొడుగు విరిగినా, ముక్కలను పారవేయక దాచాలి. కొత్త తొడుగుకు కొలత, రంగు వాటినుంచే లభిస్తాయి.

నమోదు దరఖాస్తుతోపాటు ఒక అనుబంధ పత్రం చాలు. అందులో దిశాసూచిక రకం, నమూనా సంఖ్య, వోల్టేజి, గాడి మూయబడినదా లేదా, చేయి పనిచేయుచున్నదా అనే అయిదు వివరాలు, గాడి ఛాయాచిత్రం ఒకటి ఉండాలి. దానిని రవాణా శాఖ నమోదు అధికారి స్వీకరించి, ప్రతిని సాంస్కృతిక శాఖకు పంపే ఏర్పాటు జరగాలి. ఇందుకు చట్ట సవరణ అక్కరలేదు. రెండు మంత్రిత్వ శాఖల మధ్య ఒక లేఖ కావాలి.