సలీం మిర్జా నాకేమవుతాడు?

మొన్న చాయ్ దుకాణం దగ్గర ఓ పాత దోస్త్ నాకో మష్వరా ఇచ్చాడు. "భాయ్, సినిమాని సినిమాలాగే చూడు. అన్నిట్లో మజహబ్ వెతక్కు" అన్నాడు. నేను చేసిన కసూర్ ఏమిటంటే, నా జిందగీలో అన్నిటికంటే దగ్గరైన సినిమా "గరమ్ హవా" అని చెప్పడం. "నువ్వు ముసల్మానువి కాబట్టి నచ్చింది, అంతే" అని చాయ్ డబ్బులిచ్చేసి వెళ్ళిపోయాడు. రాత్రంతా ఆ మాట దిల్‌లో ముల్లులా కదులుతూనే ఉంది. జవాబు బాకీ ఉంచుకోవడం నాకు ఆదత్ లేదు. ఇక్కడే తీర్చేస్తాను.

జనాబ్, ముందు మా అబ్బాజాన్ సంగతి వినండి. ఆయన దర్జీ. ఐదు పూటల నమాజీ. సంగీతంలో ఓనమాలు తెలీవు. 1980లో వచ్చిన "శంకరాభరణం" అంటే మాత్రం ఆయనకు జాన్. ఏళ్ళ తర్వాత మా బజారులో రెడీమేడ్ దుకాణాలు వచ్చాయి. పండక్కి కూడా కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. రెండు మిషన్లలో ఒకటి అమ్మేశాడు. సరిగ్గా ఆ రోజుల్లో టీవీలో ఆ సినిమా మళ్ళీ వేశారు. జనం కొత్త మోజులో పడి శంకరశాస్త్రికి కచేరీలు లేకుండా పోయిన భాగం వచ్చేసరికి, మెడలో టేపు అలాగే ఉంచుకుని అబ్బా కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

శంకరశాస్త్రిది ఏ ఇల్లు, మాది ఏ ఇల్లు! ఆయన ఆచారం వేరు, పూజ వేరు, మాట వేరు. అయినా మా అబ్బాకి ఆయనలో తన హునర్ కనిపించింది. చేతిలో విద్య ఉండీ, అడిగే దిక్కులేని మనిషి తక్లీఫ్ కనిపించింది. "సాయిబుగారూ, సినిమాని సినిమాలా చూడండి" అని ఆయనకి ఎవరూ చెప్పలేదు. పైగా మొహల్లాలో అందరూ మెచ్చుకున్నారు. కళకు కులమతాలు లేవన్నారు.

మరి అదే దర్జీ కొడుకు సలీం మిర్జా కోసం కళ్ళు తుడుచుకుంటే అది మజహబ్ ఎలా అయింది? ఇదెక్కడి ఇన్సాఫ్?

"గరమ్ హవా" ఎం.ఎస్. సత్యు తీసిన సినిమా. ఇస్మత్ చుగ్తాయ్ కథకి కైఫీ ఆజ్మీ, షమా జైదీ కలిసి స్క్రీన్‌ప్లే రాశారు. దేశవిభజన తర్వాత ఆగ్రాలో చెప్పుల కార్ఖానా నడుపుకునే సలీం మిర్జా కహానీ ఇది. అన్న పాకిస్తాన్ వెళ్ళిపోతాడు. అన్న పేరు మీదున్న హవేలీ చేజారుతుంది. "ఇవాళ ఉంటారు, రేపు పారిపోతారు" అన్న షక్‌తో అప్పు పుట్టదు. ముసలి తల్లి మాత్రం ఇల్లు కదలనంటుంది. కట్టెల గదిలో దాక్కుంటుంది. చివరికి ప్రాణం పోయేముందు ఆమెను పల్లకిలో ఆ హవేలీకే తీసుకొస్తారు.

నిజం చెప్పాలంటే, ఆ సినిమాలో జబాన్ మా ఇంటిది కాదు. అది ఆగ్రా ఉర్దూ. మా ఇంట్లో "నక్కో", "హౌ" అనే దక్కనీ. మాకు హవేలీ లేదు, రేకుల ఇల్లు. మా ఖాందాన్‌లో ఎవరూ సరిహద్దు దాటలేదు. ముసల్మాన్ అన్న ఒక్క లేబుల్ చూసి నచ్చేదైతే, ఉత్తరాది నవాబుల సినిమాలన్నీ నాకు నచ్చాలి. అవి నాకు చాలా దూరం.

నాకు తగిలింది వేరే చోట. హవేలీ పోయాక సలీం మిర్జా అద్దె ఇంటి కోసం గడప గడపా తిరుగుతాడు. పదేళ్ళ క్రితం శహర్‌లో ఓ కాలనీలో నేనూ తిరిగాను. ఒకచోట ఇల్లు చూపించారు, కిరాయి కుదిరింది, అడ్వాన్స్ కోసం జేబులో చెయ్యి పెట్టాను. అప్పుడు పేరడిగారు. చెప్పాను. "మా అబ్బాయిని ఓ మాట అడిగి ఫోన్ చేస్తాం" అన్నారు. ఆ ఫోన్ ఇంకా రాలేదు. నా బేగమ్ అప్పటికే వంటగది చూసి, గిన్నెలు ఎక్కడ సర్దాలో చెబుతోంది. ఆమె ముందు ఏ మొహం పెట్టుకుని మెట్లు దిగానో నాకే తెలుసు. సినిమాలో సలీం మిర్జా నడక చూసినప్పుడు ఆ మెట్లు గుర్తొచ్చాయి. అది మజహబ్ కాదు దోస్త్, ఇజ్జత్.

ఇంకో మాట. సలీం మిర్జాగా నటించిన బల్రాజ్ సాహ్నీ ముసల్మాన్ కాదు. రావల్పిండిలో పుట్టిన పంజాబీ హిందువు. విభజనలో ఆయన ఖాందాన్ ఆ ఊరు వదిలి ఇటు వచ్చింది. అటు ఇల్లు పోగొట్టుకున్న మనిషి, ఇటు ఇల్లు పోగొట్టుకుంటున్న మనిషి దర్ద్ చూపించాడు. 1973లో, సినిమా థియేటర్లకు రాకముందే ఇంతెఖాల్ అయిపోయాడు. ఆయనకి అర్థమైంది నా దోస్త్‌కి ఎందుకు అర్థం కాదు?

ఎందుకంటే అతనికి ఆ అవసరం పడలేదు. మన తెలుగు తెరమీద ముసల్మాన్ అంటే ఎవరు? తెలుగును వంకర చేసి నవ్వించేవాడు. సుర్మా పెట్టుకున్న గూండా. లేదంటే హీరో కోసం గుండెకు తూటా తీసుకుని పోయే ఫరిష్తా. సలీం మిర్జా ఈ మూడూ కాదు. మొండివాడు, అలిసిపోతాడు, కూతుర్ని ప్రేమిస్తాడు, ఆమెను కాపాడుకోలేకపోతాడు. మామూలు బాప్. ఆ మామూలుతనం కోసమే నేను ఇన్నేళ్ళు ఎదురుచూశాను.

మన బిరాదరీ వాళ్ళకీ ఓ మాట. ఏదైనా సినిమా మనల్ని కించపరిస్తే జులూస్ తీస్తాం, నిజమే. మంచి సినిమా వస్తే ఎంతమందిమి టికెట్ కొంటున్నాం? మన పిల్లల్లో ఒకడు కథ రాస్తానంటే "రోటీ పెడుతుందా అది?" అని కసురుతాం. మన కహానీ మనం చెప్పకపోతే ఎవడో చెబుతాడు, వాడికి తోచినట్టు చెబుతాడు.

సినిమా చివర సలీం మిర్జా కూడా తట్టుకోలేక టాంగా ఎక్కుతాడు. దారిలో పని కోసం, హక్కుల కోసం సాగే ఊరేగింపు ఎదురవుతుంది. ముందు కొడుకు దిగుతాడు, తర్వాత తండ్రీ దిగి అందులో కలిసిపోతాడు. ఆ గుంపులో ఎవరి మజహబ్ ఏమిటో కనబడదు.

దోస్త్, ఈ ఇత్వార్ మా ఇంటికి రా. చాయ్ నాది, సినిమా నాది. మా అబ్బా శంకరశాస్త్రి ఇంటిదాకా నడిచి వెళ్ళాడు. నువ్వు సలీం మిర్జా గడపదాకా వస్తే చాలు.

ఖుదా హాఫిజ్.